స్ట్రోక్ గైడ్‌లైన్స్ చదివాను సరే, వార్డులో అమలు చేయడం ఎలా?

ఒక యువ ఫిజియోథెరపిస్టు నన్ను అడిగినది క్లుప్తంగా ఇదీ: బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) పూర్తయి మూడేళ్లు. జిల్లా కేంద్రంలో ఒక మోస్తరు ప్రైవేటు ఆసుపత్రిలో ఉద్యోగం. పక్షవాతం పేషెంట్లు ఆరేడు రోజులుండి ఇంటికి వెళ్లిపోతారు. ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు దొరికితే గొప్ప. గైడ్‌లైన్స్ చూస్తే రోజుకు గంటల లెక్కన థెరపీ ఇవ్వమంటాయి. బంధువులేమో "కరెంట్ పెట్టరా సార్?" అంటారు, అంటే కండరాలను కదిలించే విద్యుత్ మెషీన్. సీనియర్ "అవన్నీ ఫారిన్ వాళ్లకి పనికొచ్చేవి" అంటారు. ఎక్కడ మొదలుపెట్టాలి? కరెంట్ మానేస్తే పేషెంట్లు పక్క సెంటర్‌కు పోరా?

నేను ఈ పనిలోకి వచ్చి పంతొమ్మిదేళ్లు. అందులో పదకొండేళ్లు మీలాంటి ఆసుపత్రిలోనే గడిచాయి. కాబట్టి మీ ఇరవై నిమిషాల సంగతి నాకు తెలుసు.

ముందు ఒక పని చేయండి. రేపు ఏదో ఒక సెషన్‌లో పక్కన నిలబడి, పేషెంట్ తనంతట తాను ఎన్నిసార్లు కదిలాడో లెక్కపెట్టండి. మనం కదిపినవి లెక్కలోకి రావు. కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచాడు, ఎన్ని అడుగులు వేశాడు, పడిపోయిన చేత్తో ఎన్నిసార్లు ఏదైనా పట్టుకోబోయాడు, అంతే.

అమెరికాలో కేథరిన్ లాంగ్ బృందం ఇదే పని చేసి 2009లో ప్రచురించింది. థెరపీ సెషన్లలో కూర్చుని లెక్కపెడితే, చేతిని పని కోసం వాడడం సెషన్‌కు సగటున 32 సార్లు, నడక 357 అడుగులు తేలాయి. చెయ్యి కోసం పెట్టిన సెషన్లలో కూడా చేతితో పని అసలు చేయించినవి దాదాపు సగమే. మెదడు దెబ్బతిన్న జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో కోలుకోవడం కనిపించిందంటే, అక్కడ రోజుకు వందల సార్లు చేయించారు. మనం 32 దగ్గర ఆగిపోయి పేషెంట్‌కు "ఓపిక పట్టండి" అని చెబుతున్నాం.

నేను ఆ పేపర్ చదివింది 2012లో. చదివి, అమెరికా వాళ్ల సంగతి కదా అని నవ్వుకున్నాను. తర్వాత ఎందుకో నా సెషనే లెక్కపెట్టాను. నలభై నిమిషాలు. చేత్తో 19 సార్లు. లేచి నిలబడింది 4 సార్లు. మిగతా సమయమంతా ఏమైందంటే, మెషీన్ తగిలించడం, ప్యాడ్లు తడపడం, నేను ఆయన చేతిని పైకీ కిందికీ ఆడించడం, వాళ్లబ్బాయితో మాట్లాడడం. సెషన్ అయ్యేసరికి నాకు చెమట పట్టింది. ఆయన చొక్కా పొడిగానే ఉంది.

మీకు గైడ్‌లైన్స్ తెలియక కాదు ఈ ఇబ్బంది. తెలిసింది పెట్టడానికి రోజులో చోటు లేదు. ఆ చోటును ఇప్పుడు వేరే పనులు ఆక్రమించి ఉన్నాయి. అందుకే కొత్తది మొదలుపెట్టే ముందు కొన్ని మానేయాలి. వర్క్‌షాపుల్లో ఈ ముక్క ఎవరూ చెప్పరు. మానేయడానికి సర్టిఫికెట్ ఇవ్వలేరు కదా.

మొదట మానాల్సింది పులీ. గోడకు తగిలించిన కప్పీ, తాడు. బాగున్న చేత్తో లాగితే పడిపోయిన చెయ్యి తల మీదకి లేస్తుంది. చూడ్డానికి భలే ఉంటుంది, బంధువులు ఫోన్లో వీడియో తీసుకుంటారు. కానీ పక్షవాతం వచ్చిన భుజంలో చాలాసార్లు ఎముక జారి ఉంటుంది, కండరం పట్టు ఉండదు. అలాంటి భుజాన్ని పైకి లాగితే నొప్పి పుట్టిస్తాం. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2016 గైడ్‌లైన్ దీన్ని సూటిగా వద్దంటుంది. మా దగ్గర పులీ ఊడదీసిన రోజు పెద్ద గొడవే అయింది, దాన్ని కొన్నది డైరెక్టర్ గారి బావమరిది.

రెండోది, చేతులూ కాళ్లూ మనమే ఆడించి సాగదీసే ఇరవై నిమిషాలు. నరాల జబ్బుల్లో స్ట్రెచింగ్ మీద 2017లో వచ్చిన కాక్రేన్ సమీక్ష (చాలా పరిశోధనలను కలిపి తూచి చూసేది), కొన్ని నెలల పాటు చేసినా జాయింట్ కదలికలో చెప్పుకోదగ్గ తేడా రాదని తేల్చింది. రాత్రిపూట చేతికి కట్టే స్ప్లింట్ మీద 2007లో ఆస్ట్రేలియాలో జరిగిన ట్రయల్ (పేషెంట్లను గుంపులుగా చేసి పోల్చే పరిశోధన) కూడా, చెయ్యి బిగుసుకుపోకుండా అది ఆపలేదనే చెప్పింది. అంటే జాయింట్‌ను గాలికి వదిలేయమని అర్థం కాదు. స్పృహ సరిగా లేనివాళ్లకీ, బొత్తిగా కదలిక లేనివాళ్లకీ చెయ్యి సరిగ్గా పెట్టి పడుకోబెట్టడం, రోజుకు ఒకట్రెండు సార్లు మెల్లగా కదిపి చూడడం ఉండాలి. దానికి మూడు నాలుగు నిమిషాలు చాలు. అటెండెంట్‌కు నేర్పితే ఆ నాలుగు నిమిషాలూ మనకు మిగులుతాయి.

మూడోది స్మైలీ బంతి. ఇది ఎవరో ఒకరు తెచ్చి ఇస్తూనే ఉంటారు. చాలామందిలో వేళ్లు ముడుచుకోవడం త్వరగానే వస్తుంది, తెరుచుకోవడమే రాదు. బంతి పిసుకుతూ కూర్చుంటే వచ్చిన పనినే మళ్లీ మళ్లీ చేస్తున్నట్టు. బంతిని వదిలేయడం ప్రాక్టీసు చేయించండి, అప్పుడు ఉపయోగం.

ఇక కరెంట్. ఇది పూర్తిగా తీసేయకండి, తీసేయాల్సిన అవసరమూ లేదు. పేషెంట్ గోడవైపు చూస్తూ పడుకుని ఉంటే కండరాలు టకటకా కొట్టుకోవడం వల్ల ఒరిగేది తక్కువ. కానీ మణికట్టును పైకి లేపే కండరాల మీద ప్యాడ్లు పెట్టి, కరెంట్ వచ్చినప్పుడల్లా "ఇప్పుడు మీరూ లేపండి, గ్లాసు వైపు చెయ్యి తీసుకెళ్లండి" అని చేయిస్తే అది గైడ్‌లైన్ ఒప్పుకునే చికిత్సే. కొద్దిపాటి కదలిక ఉన్న చేతికీ, జారిన భుజానికీ, నడిచేటప్పుడు వేలాడే పాదానికీ దానికి చోటుంది. బంధువులకు కావాల్సిన మెషీన్ కనిపిస్తుంది, మీకు కావాల్సిన పనీ జరుగుతుంది. నా దగ్గర కరెంట్ పెట్టించుకునే ప్రతి పేషెంట్ ముందూ ఒక స్టీలు గ్లాసు ఉంటుంది.

ఇవి తగ్గిస్తే మీ ఇరవైలో పద్నాలుగు పదిహేను నిమిషాలు చేతికొస్తాయి. అందులో ఏం పెట్టాలి?

ఒక్కటే పెట్టండి. నేను చేసిన తప్పు చెబుతాను. 2013లో ఉత్సాహం పట్టలేక పద్నాలుగు అంశాలతో స్ట్రోక్ ప్రోటోకాల్ ఒకటి తయారు చేశాను. లామినేషన్ చేయించి ప్రతి మంచం పక్కనా తగిలించాను. మొదటి వారం అందరూ నింపారు. రెండో నెలకు ఆ షీట్ వెనకవైపు సిస్టర్లు సెలైన్ లెక్కలు రాసుకుంటున్నారు. వాళ్లను అనడానికేముంది, పద్నాలుగు పనులు ఒకేసారి మార్చమంటే నేనే మార్చుకోలేకపోయాను.

రెండోసారి ఒక్కటే ఎంచుకున్నాం, కూర్చుని లేవడం. ఎందుకంటే దీనికి సామాను అక్కర్లేదు. బాత్రూముకు వెళ్లాలన్నా, మంచం దిగాలన్నా అదే కావాలి. కాళ్లకు బలం, బ్యాలెన్స్ రెండూ అందులోనే ఉన్నాయి. దీన్ని పదేపదే చేయించడానికి ఆధారాలున్నాయి, 2014 కాక్రేన్ సమీక్ష కూడా లేవడానికి పట్టే సమయం తగ్గుతుందనీ, రెండు కాళ్ల మీద బరువు సమంగా పడడం మెరుగవుతుందనీ చెబుతుంది. అన్నిటికంటే ముఖ్యం, చదువు రాని ఆయమ్మ కూడా దీన్ని లెక్కపెట్టగలదు.

పద్ధతి మీకు తెలిసిందే, అయినా కొన్ని చిన్న విషయాలు. ఎత్తు మీదే అంతా ఆధారపడి ఉంటుంది. మామూలు ప్లాస్టిక్ కుర్చీలోంచి లేవలేని మనిషి, దాని మీద రెండు దుప్పట్లు మడిచి వేస్తే లేస్తాడు. వారం ఉండే పేషెంట్‌కు మొదటి రోజు మంచం అంచు, రెండో రోజు రెండు దుప్పట్లు, తర్వాత ఒకటి, ఇంటికెళ్లే రోజుకు ఉత్త కుర్చీ. ఇలా ఎత్తు తగ్గుతుంటే పేషెంట్‌కే తెలుస్తుంది తను బాగుపడుతున్నానని. పాదాలు మోకాళ్ల కంటే వెనక్కి ఉండాలి. బాగున్న కాలు ముందుకు, పడిపోయిన కాలు కాస్త వెనక్కి పెడితే బరువు దాని మీద పడక తప్పదు. ముక్కు బొటనవేళ్ల మీదకి వచ్చేదాకా వంగమనండి. చాలామంది వెనక్కి వాలి లేవబోతారు, అటెండెంట్ చంకలో చెయ్యి పెట్టి లాగుతాడు, భుజం పోతుంది. చంకలో చెయ్యి పెట్టవద్దని చెబితే చాలదు, నడుముకు కట్టిన తువ్వాలు పట్టుకోవడం చేసి చూపించాలి.

ఐదు చొప్పున నాలుగు విడతలతో మొదలుపెట్టాం. టిఫిన్ ముందు, భోజనం ముందు, సాయంత్రం టీ ముందు, రాత్రి అన్నం ముందు. నాలుగు రోజులకు విడతకు పది. లెక్కకు మంచానికి ఒక నోటుబుక్కు, దారంతో కట్టిన పెన్సిలు. లేచినప్పుడల్లా గీత. ఉదయం రౌండ్లో నేను మొదట చూసేది ఆ గీతలే. గీతలు లేకపోతే కోప్పడను, ఎందుకు కుదరలేదని అడుగుతాను. నిన్న రాత్రి అటెండెంట్ మారాడు, సెలైన్ పెట్టి వదిలేశారు, బీపీ ఎక్కువుందని సిస్టర్ వద్దన్నారు... ఇలా వచ్చిన కారణాలే మాకు గైడ్‌లైన్ అమలులో అసలు పాఠాలు. సెలైన్ విషయం సిస్టర్ ఇన్‌ఛార్జి‌తో మాట్లాడితే ఒక్కరోజులో సర్దుకుంది. గైడ్‌లైన్ పుస్తకంలో సెలైన్ గురించి ఎక్కడా ఉండదు.

చేతికి ఏం చేయించాలంటే, చింతపిక్కలు. నవ్వకండి. ఒక గిన్నెలో యాభై చింతపిక్కలు, పక్కన ఖాళీ గిన్నె. ఒక్కొక్కటీ తీసి అందులో వేయాలి. లెక్క దానికదే జరిగిపోతుంది, పిక్కలు అయిపోతే యాభై అయినట్టే. వేళ్లు అంతగా రానివాళ్లకు చింతపిక్కల బదులు నిమ్మకాయలు, ఇంకా కష్టమైతే మడిచిన తువ్వాలును టేబుల్ మీద ముందుకు తోయడం. గైడ్‌లైన్స్ చెప్పేది పేషెంట్‌కు కావాల్సిన పనిని, ఆ పనిలాగే, ఎక్కువసార్లు చేయించమని. నెదర్లాండ్స్ బృందం 2014లో 467 ట్రయల్స్ కలిపి చూసినప్పుడు కూడా గట్టి ఆధారం కనిపించింది ఇలాంటి శిక్షణకే. పని ఏదన్నది మన ఇష్టం. వాళ్లకు కాఫీ మగ్గు అయితే మనకు చెంబు. లండన్‌లో రాసిన పుస్తకంలో కింద కూర్చుని లేవడం ఉండకపోవచ్చు, మన పేషెంట్ ఇంట్లో ఇండియన్ టాయిలెట్ ఉంటే మీ పుస్తకంలో అది ఉండాలి. మీ సీనియర్ "ఫారిన్ వాళ్లకి" అన్నదానికి నా జవాబు ఇదే.

అయితే అంకె పెంచుకుంటూ పోతే ఫలితం కూడా అదే లెక్కన పెరుగుతుందనుకోకండి. అదే లాంగ్ బృందం 2016లో, స్ట్రోక్ వచ్చి ఆరు నెలలు దాటిన 85 మందిలో చేతి ప్రాక్టీసును 3200, 6400, 9600 సార్లుగా విడగొట్టి చూసింది. ఎక్కువ చేసినవాళ్లకు ఎక్కువ మేలు జరగలేదు. నాకు దీంట్లో అర్థమైనది, 3200కీ 9600కీ తేడా గురించి మనం బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదని. మన తేడా 19 దగ్గర ఉంది.

తొందరపాటు గురించి కూడా చెప్పాలి. మీరు గైడ్‌లైన్ చదివిన ఉత్సాహంలో ఉన్నారు కాబట్టి మరీ. "ఎర్లీ మొబిలైజేషన్" (త్వరగా లేపి కదిలించడం) అన్న మాట పట్టుకుని మొదటి రోజే పేషెంట్‌ను లేపి నడిపించేవాళ్లను చూశాను, నేనూ చేశాను. 2015లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అవర్ట్ ట్రయల్ చదివాక ఆగాను. ఐదు దేశాలు, 56 ఆసుపత్రులు, 2104 మంది పేషెంట్లు. 24 గంటల్లోపే మొదలుపెట్టి ఎక్కువగా లేపిన గుంపులో మూడు నెలల తర్వాత బాగా కోలుకున్నవాళ్లు 46 శాతం, మామూలు చికిత్సలో 50 శాతం. అంటే తొందరపడితే మేలు తగ్గింది. తర్వాత డేటాను తవ్వి చూస్తే, కొంచెంసేపు చొప్పున ఎక్కువసార్లు లేపడం మంచిదనీ, ఒకేసారి ఎక్కువసేపు లేపడం మంచిది కాదనీ కనిపించింది. బ్రిటన్ జాతీయ గైడ్‌లైన్ ఇప్పుడు 24 నుంచి 48 గంటల మధ్య, చిన్న చిన్న విడతలుగా మొదలుపెట్టమంటుంది. మీ ఇరవై నిమిషాలను రెండు పదులుగా విరగ్గొట్టడానికి ఇది మంచి సాకు. లేపే ముందూ లేపాకా బీపీ చూడండి. షుగర్ ఉన్నవాళ్లను "మాత్ర వేసుకున్నారా, టిఫిన్ తిన్నారా" అని అడగండి. మాత్ర వేసుకుని టిఫిన్ తినని పెద్దాయన ఒకరు పదో గీత దగ్గర నా చేతుల్లో వాలిపోయారు. అప్పటి నుంచి ఆ ప్రశ్న నోటుబుక్కు అట్ట మీదే రాయిస్తున్నాను.

గంటల విషయానికి వద్దాం. బ్రిటన్‌లో నైస్ సంస్థ 2013లో ఒక్కో థెరపీ 45 నిమిషాల చొప్పున వారానికి ఐదు రోజులు ఇవ్వమంది. 2023 అక్టోబరులో దాన్ని అన్ని థెరపీలూ కలిపి రోజుకు కనీసం మూడు గంటలు చేసింది. మీరూ నేనూ ఇవ్వలేం. కానీ ఆ మూడు గంటలూ మన చేతుల మీదుగానే జరగాలని లేదు. ఆస్ట్రేలియాలో జూలీ బెర్న్‌హార్ట్ బృందం 2004లో స్ట్రోక్ వార్డుల్లో పేషెంట్లు పగలంతా ఏం చేస్తున్నారో గమనించింది. సగానికి పైగా సమయం మంచంలో, 60 శాతం సమయం ఒంటరిగా. మన వార్డులో ఒంటరితనం లేదు. ఒక్కో మంచానికి ముగ్గురు బంధువులు ఉంటారు, క్యారియర్లతో సహా. అదొక్కటే మనకు వాళ్ల కంటే ఎక్కువ ఉన్నది.

అయితే ఆ బలాన్ని నమ్ముకుని మోసపోవద్దు. మన దేశంలోనే జరిగిన పెద్ద ట్రయల్ అటెండ్. 14 ఆసుపత్రులు, 1250 మంది, 2017లో లాన్సెట్‌లో వచ్చింది. కుటుంబంలో ఒకరికి శిక్షణ ఇచ్చి, ఇంటి దగ్గర వాళ్లే చేయిస్తే ఏమవుతుందో చూశారు. ఆరు నెలలకు చనిపోయినవాళ్లూ, ఇతరుల మీద ఆధారపడినవాళ్లూ కలిపి రెండు గుంపుల్లోనూ 47 శాతమే. తేడా లేదు. ఇది చదివినప్పుడు నాకు దిగులేసింది, నేను చేస్తున్నదే అది కాబట్టి. అయినా మానలేదు. ఇప్పుడు చెప్పేది నా అభిప్రాయమే: నేర్పి పంపేయడం వేరు, రోజూ లెక్క చూసి ఎత్తు తగ్గించడం వేరు. కుటుంబానికి చేతులు ఉన్నాయి, ఎప్పుడు కష్టం పెంచాలో తెలిసే కన్ను లేదు. ఆ కన్ను మనం అద్దెకివ్వాలి. ఇంటికెళ్లాక వారానికోసారి వాట్సాప్‌లో నోటుబుక్కు ఫోటో పెట్టమంటాను. ఫోటో చూసి కుర్చీ ఎత్తు మార్చమనో, మెట్టు ఎక్కించమనో వాయిస్ మెసేజ్ పెడతాను. పెట్టేవాళ్లు సగం మందే. ఆ సగానికైనా ఇంటి దగ్గర పని ముందుకు సాగుతుంది.

పేషెంట్లను కలిపి చేయించడం ఇంకో దారి. సాయంత్రం నాలుగింటికి కాస్త నిలదొక్కుకున్న ముగ్గురిని వరండాలోకి తెచ్చి, ఒకరు లేవడం, ఒకరు పిక్కలు, ఒకరు నడక, పది నిమిషాలకొకసారి మార్పు. దీన్నే సర్క్యూట్ క్లాస్ అంటారు, నడక వేగం, దూరం పెరుగుతాయని కాక్రేన్ సమీక్ష ఉంది. మీ మూడు ఇరవైలు కలిస్తే ప్రతి ఒక్కరికీ ముప్పై పైనే వస్తుంది. పైగా ఒకరినొకరు చూసుకుని పోటీ పడతారు. ఒకసారి ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు, ఒక ఆటో డ్రైవరు ఐదు రోజులు చింతపిక్కల మీద పందెం కాశారు.

కొలవడం గురించి. పెద్ద పెద్ద స్కేళ్లు నేర్చుకున్నారు కదా, మంచిదే, కానీ మొదట ఒక్కటి చాలు. వరండాలో పద్నాలుగు మీటర్లు కొలిచి, అటూ ఇటూ రెండేసి మీటర్లు వదిలి మధ్య పదికి పెయింట్‌తో గీతలు గీయండి. ఫోన్ స్టాప్‌వాచ్. సెకనుకు 0.4 మీటర్ల లోపు అయితే నడక ఇంట్లోకే పరిమితం, 0.8 దాటితే బజారుకు వెళ్లగలరు అన్నది అందరూ వాడే లెక్క. పది మీటర్లకు 25 సెకన్లు పట్టిన మనిషి ఆ మొదటి గీత మీద ఉన్నట్టు. బంధువులకు బెర్గ్ స్కోరు (బ్యాలెన్స్‌కు ఇచ్చే మార్కులు) చెబితే తల ఊపుతారు. "సోమవారం 40 సెకన్లు, ఇవాళ 31" అంటే వీధిలో అందరికీ చెప్పుకుంటారు.

చేతి విషయంలో ఇంకో చూపు నేర్చుకోండి. మొదటి మూడు రోజుల్లో వేళ్లు కాస్తయినా తెరుచుకుంటున్నాయా, భుజం పక్కకు కాస్తయినా లేస్తోందా? నెదర్లాండ్స్‌లో 2010లో వచ్చిన అధ్యయనంలో ఈ రెండూ ఉన్నవాళ్లకు ఆరు నెలలకు చేతిలో కొంతైనా పనితనం వచ్చే అవకాశం 98 శాతం, రెండూ లేనివాళ్లకు 25 శాతం. "మా ఆయన చెయ్యి వస్తుందా?" అని అడిగే ఆవిడకు ఏం చెప్పాలో ఇది చెబుతుంది. 25 అంటే సున్నా కాదని కూడా.

వేళ్లూ మణికట్టూ ఓ పది డిగ్రీలు తెరవగలిగే పేషెంట్ దొరికితే, బాగున్న చేతిని కట్టేసి పడిపోయిన చేతితోనే పనులు చేయించే పద్ధతి ప్రయత్నించండి. 2006లో ఎక్సైట్ ట్రయల్ 222 మందిలో దీని మేలు చూపింది. అక్కడ మెలకువగా ఉన్న సమయంలో తొంభై శాతం గ్లౌజు వేసి ఉంచారు. మన దగ్గర అది సాగదు. ఎందుకో నాకు మొదటి పేషెంటే నేర్పాడు. ఆయనకు ఎడమ వైపు పడిపోయింది. కుడిచేతికి గ్లౌజు తొడిగాను. మధ్యాహ్నం వెళ్లి చూస్తే అన్నం ముట్టలేదు. ఎడమ చేత్తో అన్నం తినడమా? వాళ్లావిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. తినే వేళ గ్లౌజు తీసేసి, పేపరు తిప్పడం, తలుపు తీయడం, తువ్వాలు మడవడం, ఫోన్ ఎత్తడం లాంటివాటికి రోజుకు రెండు మూడు గంటలు ఉంచాం. తగ్గించిన మోతాదు పద్ధతికీ ఆధారాలున్నాయి, కాబట్టి తప్పు చేస్తున్నామని టెన్షన్ పడక్కర్లేదు.

అద్దం చికిత్స (బాగున్న చేతి ప్రతిబింబాన్ని అద్దంలో చూస్తూ కదిలించడం) గురించి ఒక్క మాట: స్టాండు అద్దం ధర తక్కువ, ఆధారం మంచిదే, చెయ్యి అస్సలు కదలని వాళ్లకు కూడా ఏదో ఒకటి చేయించవచ్చు. మీ యాజమాన్యం రోబో కొందామంటే మాత్రం, 2019లో బ్రిటన్‌లో 770 మందితో జరిగిన రాటల్స్ ట్రయల్ గుర్తుచేయండి. చేతికి రోబో శిక్షణ మామూలు చికిత్స కంటే మెరుగ్గా తేలలేదు. బరువు మోసే బెల్టు కట్టి ట్రెడ్‌మిల్ మీద నడిపించడాన్ని 2011లో లీప్స్ ట్రయల్ ఫిజియో ఇంటికొచ్చి చేయించే వ్యాయామంతో పోల్చి చూసింది. రెండూ సమానంగానే నిలిచాయి. ఆ డబ్బుతో ఇంకో ఫిజియోను పెట్టుకోమనండి. వినరు, అయినా చెప్పండి.

మీ సీనియర్‌తో పేర్ల మీద వాదన పెట్టుకోకండి. మా తరానికి కాలేజీలో బోబాత్ (థెరపిస్టు చేతులతో పట్టి కదలికలు సరిచేసే పద్ధతి) అంటే వేదవాక్కు. 2009లో వచ్చిన సమీక్ష అది మిగతా పద్ధతుల కంటే మెరుగు కాదని తేల్చినప్పుడు, నేనే ఆ పేపర్లో తప్పులు వెతికాను. ఇరవై ఏళ్లు చేతులతో నేర్చుకున్న విద్య పనికిరాదంటే ఎవరికైనా కష్టమే. ఆయన చేతుల్లో నైపుణ్యం ఉంది, పేషెంట్ ఒళ్లు ఎక్కడ బిగుసుకుంటుందో ముట్టుకుని చెప్పగలరు. ఆయన పద్ధతిలోనే చేయనివ్వండి, పక్కన నిలబడి గీతలు మాత్రం మీరు గీయండి. మా సీనియర్ మేడం మొదటి రోజు నోటుబుక్కు చూసి ఏమీ అనలేదు. మూడో రోజు "ఇవాళ నావి ఎన్ని?" అని అడిగారు.

డాక్టర్ గారికి పేపర్లు ఇవ్వకండి, ఆయనకు సమయం ఉండదు. కేస్ షీట్‌లో ఒక లైను రాయండి: "లేవడం 60, నడక వేగం 0.31, కుర్చీ మీద ఒక దుప్పటి." వారం తర్వాత డిశ్చార్జి రోజున ఆయనే ఆ అంకె అడుగుతారు. నెలకోసారి ఐదు కేస్ షీట్లు తీసి ఎన్నింటిలో ఆ లైను ఉందో టీమంతా కూర్చుని చూడండి. ఇలా లెక్క చూసి చెప్పడం వల్ల వచ్చే మార్పు సగటున చిన్నదే. 2012 కాక్రేన్ సమీక్ష 140 అధ్యయనాలు చూసి మధ్యస్థంగా 4.3 శాతం అంది. కాబట్టి మొదటి నెల ఐదుకు రెండు ఉంటే దిగులు పడకండి. మాకు ఐదుకు నాలుగు రావడానికి ఏడాదిన్నర పట్టింది, మధ్యలో ఇద్దరు ఫిజియోలు మానేసి వెళ్తే మళ్లీ రెండుకు పడింది.

ఇక మీ చివరి ప్రశ్న, కరెంట్ తగ్గిస్తే పేషెంట్లు పక్క సెంటర్‌కు పోరా అని. పోతారు. మాకు మొదటి రెండు మూడు నెలల్లో కొందరు పోయారు, అందులో ఒకాయన మా అకౌంటెంట్ మేనమామ. యాజమాన్యం పిలిచి అడిగింది కూడా. అప్పుడు నా దగ్గర ఉన్నది ఆ నోటుబుక్కులే, అవే టేబుల్ మీద పెట్టాను. అప్పటి నుంచి కొత్త పేషెంట్ వచ్చిన రోజే బంధువులతో ఒక బేరం పెట్టుకుంటున్నాను: మెషీన్ పది నిమిషాలు నేను పెడతాను, గీతలు నలభై మీరు పెట్టించాలి. మేనమామ గారు ఆరు వారాలకు తిరిగొచ్చారు, భుజం నొప్పితో. అక్కడ పులీ ఉందట.